మా తమ్ముడి మాటలు

"అడగందే అమ్మైనా పెట్టదు" అని సామెత. మా ఇంట్లో అది చెల్లదు. మా అమ్మ పదమూడేళ్లుగా అడగకుండానే పెడుతోంది, ఎందుకంటే అడగాల్సిన మా తమ్ముడికి మాటలు లేవు. వాడికి ఆటిజం. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది మాట్లాడతారు, కొందరైతే మనకంటే ఎక్కువే మాట్లాడతారు. సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మంది మాత్రం బడి వయసు వచ్చాక కూడా అసలు మాట్లాడరు, లేదా పదో పరకో మాటల దగ్గర ఆగిపోతారు. మావాడు ఆ లెక్కలోకి వస్తాడు.

సెలవులకి రాజమండ్రిలో మా ఇంటికొచ్చిన ఫ్రెండ్స్ అందరూ దాదాపు ఒకే వరసలో ప్రశ్నలు వేస్తారు. "వినపడదా?" "మనం చెప్పేది అర్థమవుతుందా?" "మందుల్లేవా?" చివర్లో కాస్త గొంతు తగ్గించి, "మరి రోజంతా ఎలా?" పత్రికకి ఏదైనా రాయమన్నప్పుడు ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు రాసేస్తే పోలేదా అనిపించింది. నేను డాక్టర్ని కాను, థెరపిస్టుని కాను. ఈసీఈ మూడో సంవత్సరం. అక్కగా చూసిందీ, చూసినదాని కోసం చదివిందీ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న తేలిక. వినపడుతుంది. రెండేళ్లప్పుడే వినికిడి పరీక్ష చేయించారు. ఆ మాటకొస్తే వాడికి మనకన్నా ఎక్కువే వినపడుతుంది, ఆ గొడవ తర్వాత చెప్తాను. రెండో ప్రశ్నే అసలైనది. మాట వేరు, భాష వేరు, తెలియజెప్పడం వేరు. మాట అంటే నోరు, నాలుక, ఊపిరి కలిసి చేసే పని. భాష అంటే బుర్రలో ఉండే పదాలు, వాటి పొందిక. తెలియజెప్పడం అంటే నా బుర్రలో ఉన్నది నీ బుర్రలోకి చేరడం, అది మాటతోనే జరగాలని లేదు. మన భాషలో చెప్పాలంటే ఔట్‌పుట్ పోర్టు పనిచెయ్యనంత మాత్రాన లోపల ప్రాసెసర్ లేదనుకోకూడదు. ఈ పోలిక కూడా పూర్తిగా సరిపోదు లెండి. ఆటిజంలో ఇన్‌పుట్ దగ్గరా తేడాలుంటాయి, అవతలివాళ్లతో పంచుకోవాలన్న కోరిక పుట్టే తీరులోనూ తేడా ఉంటుంది. వాడికి ఎంత అర్థమవుతుందో కచ్చితంగా కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు. మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఒక్కటే: వాడికి అర్థమవుతుందనే అనుకుని మాట్లాడాలి. వాడి ముందు వాడి గురించి "పాపం" అనకూడదు.

ఆటిజం అన్న పేరు 'తాను' అనే అర్థమున్న గ్రీకు మాట 'ఆటోస్' నుంచి వచ్చింది. స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ 1911 ప్రాంతంలో వేరే మానసిక జబ్బు గురించి రాస్తూ దాన్ని వాడాడు. మనం ఇప్పుడు అనుకునే అర్థంలో వాడింది అమెరికాలోని లియో కానర్, 1943లో. ఆయన తన దగ్గరికొచ్చిన 11 మంది పిల్లల గురించి రాశాడు. వాళ్లలో ముగ్గురికి మాట రాలేదు. అంటే మావాడిలాంటి పిల్లలు మొదటి వ్యాసం నుంచే ఉన్నారన్నమాట. అదే కానర్ ఆ తల్లిదండ్రులు కాస్త ముభావంగా ఉన్నారని కూడా రాశాడు. ఆ ఒక్క గమనిక ఎంత దూరం పోయిందంటే, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని ఒక తరం డాక్టర్లు నమ్మారు. 'ఫ్రిజ్ తల్లులు' అని పేరు కూడా పెట్టారు. ఆటిజం ఉన్న కొడుకున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో పుస్తకం రాసి, ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిందని వాదించాక ఆ నమ్మకం కూలడం మొదలైంది. కవలల మీద జరిగిన అధ్యయనాలు జన్యువుల పాత్ర చాలా ఎక్కువని తేల్చాయి.

అమెరికాలో కూలింది కానీ మా వీధిలో ఇంకా నిలబడే ఉంది. "ఉద్యోగానికి పోయి పిల్లాడితో మాట్లాడి ఉండవు" అని మా అమ్మతో మొహమ్మీదే అన్నవాళ్లున్నారు. మా అమ్మ స్కూల్లో తెలుగు టీచరు. రోజంతా మాట్లాడటమే ఆమె ఉద్యోగం. తమ్ముడికి నాలుగేళ్లప్పుడు ఆ ఉద్యోగం మానేసింది. ఫోన్ చూపించడం వల్ల, టీకాల వల్ల అని చెప్పేవాళ్లూ ఉన్నారు. టీకాల కథ 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక పేపరుతో పుట్టింది. దాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. పేపరు వెనక్కి పోయింది, పుకారు మాత్రం పోలేదు.

మా నాయనమ్మ టీకాల జోలికి పోలేదు గానీ వస సరిగ్గా పడలేదంది. మన ఇళ్లలో పసిపిల్లలకి మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకి రాస్తారు కదా. ఎక్కువ మాట్లాడేవాళ్లని వసపిట్ట అనేది కూడా అందుకే. నాకు రాశారట, నా విషయంలో డోసు ఎక్కువైందని నాన్న వెక్కిరిస్తాడు. తమ్ముడికీ రాశారు. మూడేళ్లప్పుడు మళ్లీ రాశారు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఇంకో ఏడాది ఓదార్చారు. ఈ ఓదార్పు ఒక్కటి మాత్రం ఎవరూ నమ్మకండి. ఏడాది వయసుకి వేలు పెట్టి చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటైనా రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకుండా చూపించాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఇందుకోసమే 'డీఈఐసీ' అని సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం కింద పెట్టినవి. అక్కడ డబ్బు కట్టక్కర్లేదు.

మందుల సంగతి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. నిద్రకి, మూర్ఛకి, మరీ ఆందోళనకి వాడేవి ఉన్నాయి, అవి వేరే. లక్షలు పోసి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనే ప్రకటనలు మాకూ వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డు 2022లో ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సని సిఫారసు చెయ్యలేమని తేల్చి చెప్పింది. మా బంధువు ఒకాయన మాత్రం పొలం అమ్మైనా చేయించమని నాన్నకి ఇప్పటికీ సలహా ఇస్తుంటాడు. ఆయన పొలం కాదులెండి.

ఇక రోజు గురించి. మా ఇంట్లో రోజు ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పలేం. తమ్ముడు ఒంటిగంటకి నిద్రపోయి నాలుగింటికి లేచిన రోజులు చాలా ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో నిద్ర సమస్యలు మామూలే. లేచాక ఊరికే పడుకోడు, గెంతుతాడు. కింద అద్దెకున్నవాళ్లు నిద్ర లేవకుండా నాన్న వాడిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని గోదావరి గట్టు దాకా తీసుకెళ్తాడు. రోడ్డు కమ్ రైలు వంతెన మీద రైలు పోతుంటే వాడు చేతులు రెండూ పక్షిలా ఆడిస్తాడు. ఆ ఆడించడాన్ని మాన్పించాలని ఒక థెరపిస్టు చాలా కష్టపడింది. అది వాడి నవ్వు లాంటిది అని అమ్మ ఆ కార్యక్రమం ఆపించేసింది. నాకు అమ్మ చేసిందే సరైన పని అనిపిస్తుంది. ఎవరికీ దెబ్బ తగలనంత వరకూ చేతులు ఆడిస్తే ఏం పోయింది?

గోడ మీద ఒక పట్టీ ఉంటుంది. దానికి వెల్క్రోతో బొమ్మలు అంటించి ఉంటాయి: బ్రష్, స్నానం, ఇడ్లీ, ఆటో, బడి. ఒక పని అయ్యాక ఆ బొమ్మ పీకి కింద డబ్బాలో వేస్తాడు. తర్వాత ఏం జరగబోతోందో తెలియడం వాడికి అన్నిటికంటే ముఖ్యం. మనకి గడియారం, టైమ్‌టేబుల్, "పది నిమిషాల్లో వస్తా" అనే మాట ఉన్నాయి. ఆ మూడూ లేకపోతే ప్రతి నిమిషం ఒక ఆకస్మిక తనిఖీలా ఉంటుంది. ఆటో రాని రోజు ఆటో బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న ప్లాస్టిక్ ముక్క పెడతాం. ఏడుస్తాడు, కానీ ఎందుకు ఏడుస్తున్నాడో వాడికీ మాకూ తెలుసు.

తిండి మొత్తం తెలుపే. ఇడ్లీ, పెరుగన్నం, అటుకులు, కొబ్బరి. పెరుగన్నంలో తాలింపు ఉండకూడదు, ఒక్క ఆవగింజ కనపడినా కంచం పక్కకి పోతుంది. దీన్ని గారాబం అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకాన్ని తిరగరాసినప్పుడు శబ్దం, స్పర్శ, రుచి లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. వాడికి ఎక్కువ వినపడుతుందని ఇందాక అన్నది ఇదే. కుక్కర్ కూత వాడికి చెవిలో సూది. అందుకే అమ్మ కుక్కర్ పెట్టేముందు కుక్కర్ బొమ్మ చూపిస్తుంది, వాడు వెళ్లి చెవులకి మఫ్‌లు పెట్టుకుంటాడు. డ్రిల్లింగ్ పనివాళ్లు పెట్టుకునేవే. నాన్నది ఎలక్ట్రికల్ షాపు కాబట్టి హోల్‌సేల్ ధరకి వచ్చాయి. దీపావళి మూడు రోజులూ మేం కోనసీమలో తాతయ్య వాళ్ల ఊరి చివర కొబ్బరితోటలో గడుపుతాం.

అడగడం ఎలా నేర్పించారన్నది నాకు ఇష్టమైన భాగం, కాస్త వివరంగా చెప్తాను. మొదట్లో వాడు మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి మన చేతిని హ్యాండిల్ మీద పెట్టేవాడు. మనిషిని కాకుండా చేతిని పనిముట్టులా వాడటం అన్నమాట. దీని నుంచి ఒక మనిషికి ఒక సంగతి చెప్పడం దాకా తీసుకురావడానికి పెక్స్ అనే పద్ధతి ఉంది. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు 1985లో అమెరికాలోని డెలావేర్‌లో మొదలుపెట్టారు. ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా వాడికి ఇష్టమైన కొబ్బరిముక్క పట్టుకుని కూర్చుంటారు. రెండోవాళ్లు వెనక కూర్చుని, వాడు కొబ్బరి కోసం చెయ్యి చాపగానే ఆ చేతితో బొమ్మ తీయించి ఎదుటివాళ్ల చేతిలో పెట్టిస్తారు. వెంటనే కొబ్బరి దొరుకుతుంది. వెనకవాళ్లు మాట్లాడకూడదు, "ఏం కావాలి?" అని ముందువాళ్లు అడగకూడదు. అడిగితే అడిగినప్పుడే చెప్పడం అలవాటవుతుంది, తనంతట తాను మొదలుపెట్టడం రాదు. వెనక కూర్చునే పని నాది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. నోరు మూసుకుని కూర్చోవడం వసపిట్టకి ఎంత కష్టమో ఊహించుకోండి. పదకొండో రోజు నేను చెయ్యి పట్టుకోకుండానే వాడు బొమ్మ తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"బొమ్మలు అలవాటైతే ఇక మాటలు రావు" అని అందరూ భయపెట్టారు. 2006లో ఈ విషయం మీద వచ్చిన ఒక సమీక్షలో, నికరంగా లెక్కలోకి తీసుకున్న కేసుల్లో ఒక్కదానిలోనూ మాట తగ్గలేదు, ఎక్కువమందిలో కొంత పెరిగింది. మావాడికి ఇప్పటికీ పెరగలేదు. కానీ తల గోడకేసి కొట్టుకోవడం బాగా తగ్గింది. మా లెక్కలో అది మాట రావడం కంటే చిన్న సంగతి కాదు.

తర్వాత వాక్యం దగ్గర చిక్కొచ్చింది. ఇది సాహిత్య పత్రిక కాబట్టి ఈ ముక్క ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు పద్ధతిలో వాక్యపు పట్టీ మీద మొదట 'ఐ వాంట్' బొమ్మ, తర్వాత వస్తువు బొమ్మ పెడతారు. మేం చూసిన సెంటర్లో అదే వరసలో తెలుగు చెప్పించేవారు: "నాకు కావాలి కొబ్బరి." మా అమ్మ టీచరు బుర్ర దీన్ని ఒప్పుకోలేదు. తెలుగులో కావాలి చివర వస్తుంది. నాకు అని ఎవరూ అనరు కూడా, "కొబ్బరి కావాలి" చాలు. అమ్మ పట్టీ తిప్పేసింది, ముందు కొబ్బరి, చివర కావాలి. ఇందులో ఒక లాభం కూడా ఉంది. పిల్లాడి బుర్రలో ముందు మెదిలేది వస్తువే కదా, దాన్నే ముందు పెడతాడు. ఇంకో చిక్కు చుట్టరికాలది. బయట దొరికే బొమ్మల్లో 'సిస్టర్'కి ఒకే బొమ్మ. అక్క, చెల్లి తేడా దానికి తెలియదు. అత్త, పిన్ని, పెద్దమ్మ అందరూ 'ఆంటీ' బొమ్మలో ఇరుక్కుపోయారు. మేం ఫోటోలు వాడాం. మిగతా బొమ్మలకి స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అరసాక్ చిత్రాలు తీసుకుని, కింద తెలుగులో రాసి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాం. చెన్నైలో అజిత్ నారాయణన్ మొదలుపెట్టిన 'ఆవాజ్' అనే యాప్ కూడా ఉంది, తెలుగుతో సహా మన భాషల్లో పనిచేస్తుంది. మావాడు ట్యాబ్ ఇస్తే యాప్ మూసేసి రైలు వీడియోలు పెట్టుకుంటున్నాడు. చెప్పదలుచుకున్నది అది కూడా చెప్పినట్టే అనుకోండి.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన మాట 'వద్దు'. కావాలి అన్నదానికి వెంటనే కొబ్బరి దొరుకుతుంది. వద్దు అంటే ఏం దొరుకుతుంది? ఏమీ రాకుండా ఉండటం దొరుకుతుంది. దాన్ని నేర్పాలంటే వాడు వద్దన్నప్పుడు మనం నిజంగా ఆపాలి. స్నానం వద్దంటే? మాత్ర వద్దంటే? మొదటి రెండు నెలలు అమ్మ కావాలనే వాడికి నచ్చనివి ఇవ్వబోయేది. కాకరకాయ ముక్క, నాయనమ్మ కంబళి. వాడు ఎర్ర చెయ్యి బొమ్మ ఇవ్వగానే, "సరే, వద్దు" అని తీసేసేది. కాకరకాయ మీద వద్దు నిలబడ్డాక, ఎవరైనా గట్టిగా దగ్గరికి తీసుకుంటే కూడా ఆ బొమ్మ ఇవ్వడం మొదలుపెట్టాడు. మాటలేని పిల్లలకి ఎవరైనా హాని చేస్తే ఇంటికొచ్చి చెప్పలేరు. ఎర్ర చెయ్యి బొమ్మని మా ఇంట్లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు, చుట్టాలొచ్చినా సరే. "ముద్దు పెట్టుకోనివ్వడేంటి" అని ఒక అత్తయ్య అలిగి వెళ్లిపోయింది.

నొప్పి సంగతి ఇంకా కష్టం. రెండేళ్ల క్రితం వాడు పది రోజులు దవడ మీద పిడికిలితో కొట్టుకున్నాడు, రాత్రంతా అరుపులు. ఒక ఆసుపత్రిలో చూపిస్తే "బిహేవియర్" అని రాసి నిద్రమాత్ర పెంచారు. అమ్మకి అనుమానం తీరలేదు. ముద్దని ఎప్పుడూ కుడివైపే నములుతున్నాడని గమనించింది. దంతవైద్యుడు చూస్తే ఎడమవైపు దవడపన్ను పుచ్చి లోపల చీము పట్టి ఉంది. ఆటిజం అన్న పేరు పడ్డాక పిల్లాడు చేసే ప్రతిదాన్నీ ఆ పేరు కింద తోసెయ్యడం డాక్టర్లకీ చుట్టాలకీ కూడా తేలికైపోతుంది. మాటలేని పిల్లాడు ఉన్నట్టుండి మారితే ముందు పన్ను, చెవి, కడుపు, మలబద్ధకం చూడాలి. ఇప్పుడు ఒక మనిషి బొమ్మ గీసిన అట్ట ఉంది, దాని మీద 'నొప్పి' బిళ్ల పెడతాడు. నలభై సార్లలో ముప్ఫై సార్లు సరైన చోటే పెడుతున్నాడని అమ్మ నోట్‌బుక్‌లో ఉంది.

ఇక్కడొక హెచ్చరిక, ముఖ్యంగా ప్రయోగాలంటే ఇష్టమున్నవాళ్లకి. మాటలేని పిల్లాడి చెయ్యి పట్టుకుని కీబోర్డు మీద టైపు చేయిస్తే పేజీలకి పేజీలు కవిత్వం వస్తుందని ఒక పద్ధతి 1990 ప్రాంతంలో బాగా పాకింది. 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' అంటారు. తల్లిదండ్రులు ఏడ్చేశారట, ఇన్నాళ్లకి మా బిడ్డ మాట్లాడాడని. తర్వాత పరీక్ష పెట్టారు. పిల్లాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్లకి వేరే బొమ్మ చూపించారు. టైపైంది చెయ్యి పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మ పేరే. వాళ్లు మోసగాళ్లు కాదు, తమ చేతులే రాస్తున్నాయని వాళ్లకే తెలియదు. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా ఆ పద్ధతి వాడొద్దని చెప్పింది. ఆ పరీక్ష గురించి చదివాక నాకు మా ఇంట్లో బొమ్మల మీద గౌరవం పెరిగింది. మా తమ్ముడు ఇచ్చే బొమ్మ చిన్నదే, కానీ ఆ చెయ్యి వాడిదే.

అన్నిటికంటే మాకు భయం నీళ్లంటే. ఇలాంటి పిల్లల్లో చాలామంది చెప్పకుండా బయటికి వెళ్లిపోతుంటారు. అలా వెళ్లినప్పుడు ప్రాణాలు పోయే కారణాల్లో నీళ్లలో మునగడం ముందుంటుంది. మేముండేది గోదావరికి పదిహేను నిమిషాల నడక దూరంలో. మా తలుపుకి గడియ పైన, నాన్న చెయ్యి అందే ఎత్తులో ఉంటుంది. తమ్ముడు ఎదుగుతున్నాడు, గడియ కూడా ఏడాదికోసారి పైకి జరుగుతోంది. ఒకసారి గ్యాస్ సిలిండర్ ఇచ్చిన అబ్బాయి గేటు వెయ్యలేదు. ఇరవై ఐదు నిమిషాలు. నాన్న స్కూటర్ మీద ఘాట్ వైపు, నేను కాలువ వైపు, అమ్మ వీధిలో. పిలిస్తే పలకడు కాబట్టి పేరు పెట్టి అరవడం దండగ, కళ్లతో వెతకాల్సిందే. వాడు రెండు వీధుల అవతల మంచినీళ్ల ప్లాంటులో క్యాన్లు కడిగే కుళాయి కింద కూర్చుని ఉన్నాడు. ప్లాంటాయన వాడికి ఖాళీ క్యాను ఒకటి ఇచ్చి, షట్టరు సగం దించి, అమ్మకి ఫోన్ చేశాడు. ఆయనకి నంబరెలా తెలుసంటే, అంతకు నెల ముందే అమ్మ చుట్టుపక్కల నీళ్లున్న చోటల్లా తిరిగి వాడి ఫోటో ఇచ్చి వచ్చింది. రేవులో పడవలవాళ్లకి, టీ బండి ఆయనకి, గుడి దగ్గర పూలమ్మే మామ్మకి. చేతికి నంబరున్న స్టీలు కడియం ఉంది, ఇప్పుడు ఈత కూడా నేర్పిస్తున్నారు. నీళ్లు దిగాక వాడంత ప్రశాంతంగా ఉండేవాళ్లని నేను చూడలేదు.

బస్సులోనో పెళ్లిలోనో ఇలాంటి పిల్లాడు కింద పడి అరుస్తుంటే మీరు చెయ్యాల్సింది చాలా తక్కువ. చోటివ్వండి, ఫ్యాను గోలో మైకు గోలో తగ్గించగలిగితే తగ్గించండి, ఫోన్లో తియ్యకండి. "ఒక్కటిచ్చుకుంటే దారిలోకొస్తాడు" అనే పెద్దమనిషి పక్కనుంటే ఆయన్ని మాటల్లో పెట్టండి, అది పెద్ద సాయం.

కాగితాల సంగతి క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేరింది. తీవ్రత కొలవడానికి ఇసా అనే కొలబద్ద వాడతారు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది, 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 153 దాటితే తీవ్రం. ఎక్కువ మార్కులు రాకూడదని కోరుకునే పరీక్ష ఇదొక్కటే అని నాన్న జోకేస్తాడు. సదరం సర్టిఫికెట్ వచ్చాక ఆంధ్రాలో పింఛను నెలకి 6,000. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఈ కాగితాలన్నీ పద్దెనిమిది నిండేలోపు సిద్ధం చేసుకోవాలి. ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో వాడు పెద్దవాడు, బ్యాంకు ఖాతాకైనా ఆపరేషన్‌కైనా అమ్మ సంతకం చాలదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ నుంచి సంరక్షకుల్ని నియమించుకోవాలి. అమ్మానాన్నల తర్వాత అన్న గడిలో రాయాల్సింది నా పేరు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ వాళ్లని అడగనివ్వలేదు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లలో బెంగళూరా, వైజాగా అన్నప్పుడు ఈ గడి నా బుర్రలో ఉంటుంది. అది త్యాగం లాంటిదేం కాదు, కానీ నా ఫ్రెండ్స్‌కి లేని ఒక లెక్క.

చివరిగా మా మినీ ప్రాజెక్టు. ట్యాబ్‌లో రైలు వీడియోలు ఉంటాయి కాబట్టి, వీడియోలు రాని పెట్టె చెయ్యాలనుకున్నాం. ఎనిమిది పెద్ద బటన్లు, నొక్కితే మాట. ఈఎస్‌పీ32, డీఎఫ్‌ప్లేయర్ మినీ, చిన్న మెమరీ కార్డు, మూడు వాట్ల స్పీకరు, అంతే. మొదట పవర్ బ్యాంకు పెడితే మన సర్క్యూట్ లాగే కరెంటు మరీ తక్కువై అది దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు 18650 సెల్, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు వాడుతున్నాం. ఒకే బటన్ ఇరవై సార్లు నొక్కితే ఇరవై సార్లూ పలకాలా, ఒక్కసారే పలకాలా అని టీమ్‌లో పెద్ద వాదన. ఇరవై సార్లు వద్దు అనే పిల్లాడిని మనం నోటితో ఆపమన్నా ఆపడు కదా అని ఇరవై సార్లూ పలికేలానే ఉంచాం.

గొంతు విషయంలో ఫోన్లో వచ్చే తెలుగు గొంతు పెద్దవాళ్లది. పదమూడేళ్ల పిల్లాడి నోట్లోంచి న్యూస్ రీడర్ మాట్లాడితే బాగోదు. పక్కింట్లో ఎనిమిదో తరగతి అబ్బాయితో రికార్డు చేయించాం. వాడు పాఠం అప్పజెప్పినట్టు "నాకు నీళ్లు కావలెను" అన్నాడు, అందరం నవ్వేసరికి "మంచినీళ్లు" అని ఊరుకున్నాడు, అదే పెట్టాం. నాయనమ్మ ఒక్కతే గొడవ చేసింది. పెద్దవాళ్లతో వద్దు అంటే ఎలా, వద్దండి అని పెట్టమంది. గోదావరి జిల్లా కదా, అక్కడ తిట్టినా 'అండి' ఉండాలి. రెండూ రికార్డు చేశాం. చివరికి అమ్మ మాటే నెగ్గింది, పెట్టెలో ఉన్నది ఒట్టి వద్దు. బటన్లలో మంచినీళ్లు, కొబ్బరి, బయటికి, చాలు, ఇంకా, నొప్పి, వద్దు ఉన్నాయి. ఎనిమిదోది 'అక్క' అని నేనూ, 'ఆపు' అని అమ్మా అంటున్నాం. బరువు తగ్గించాలి, నీళ్లలో పడినా పాడవకూడదు. క్యాబినెట్ డిజైన్ తెలిసిన మెకానికల్ వాళ్లెవరైనా ఉంటే నాలుగింటి తర్వాత మా ప్రాజెక్ట్ ల్యాబ్‌కి రండి, కిటికీ పక్క బల్ల మాది.